రాయదుర్గం జీన్స్ కుట్టు యూనిట్ల సంఘం వార్షిక నివేదిక: 2024-25

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఎక్కడో ఒకచోట సరుకు ఆగిపోయినా మన రాయదుర్గంలో మిషన్లు ఆగకూడదు. ఈ ఏడాది సంఘం ముఖ్యంగా పెట్టుకున్న పని ఇదే. ఆయుధపూజ, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే జరిగాయి.

జీన్స్ కుట్టే డెనిమ్ గుడ్డ తాన్లు ఎక్కువగా అహ్మదాబాద్ మిల్లుల నుంచి వస్తాయి. బళ్లారి వ్యాపారులు కొని, కటింగ్ చేయించి మనకు పంపిస్తారు. మనం కుట్టి పంపాక వాషింగ్, అంటే జీన్స్‌ను ఉతికి రంగు తేల్చే పని, మళ్లీ బళ్లారిలోనే. 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఈ దారి మొత్తం రాత్రికి రాత్రే మూతపడింది. 2022లో పత్తి ధర మండిపోయి, ఏప్రిల్‌లో కేంద్రం దిగుమతి సుంకం ఎత్తేయాల్సి వచ్చినప్పుడు ఆ సెగ ఒక్కో ప్యాంటు కుట్టినందుకు మనకిచ్చే పీస్ రేటు దాకా తగిలింది. అవి మన చేతిలో లేనివి. అయితే సభ్యులను అడిగి చూస్తే, యూనిట్లు ఎక్కువసార్లు ఆగింది చిన్న కారణాలతోనే అని తేలింది. జిప్పులు అందక, జిప్పు లాగే రన్నర్ సైజు కుదరక, మందపాటి గుడ్డకు కావాల్సిన 18 నంబరు సూదులు లేక, జేబు మూలల్లో గట్టి కుట్లు వేసే బార్టాక్ మిషన్ చెడిపోతే మెకానిక్ దొరక్క.

అందుకే సంఘం గదిలో ఉమ్మడి స్టోరు పెట్టాం. జిప్పులు, రివెట్లు, బటన్లు, సూదులు, దారం, మిషన్ల విడిభాగాలు అందులో ఉన్నాయి. ఒక్కో వస్తువు ఇద్దరు వేర్వేరు డీలర్ల దగ్గర కొనాలన్నది నియమం. రెండో డీలరు దగ్గర ధర కొంచెం ఎక్కువైనా సరే, ఒక్కరి మీదే ఆధారపడితే వాళ్లు చేతులెత్తేసిన రోజు మనం కూర్చోవాల్సిందే. తీసుకున్నవాళ్లు నెలలోగా అదే సరుకు తిరిగి పెట్టాలి. మెటల్ జిప్పులు పట్టుకెళ్లి నైలాన్ జిప్పులు తెచ్చి పెట్టినవారి పేర్లు ఇక్కడ రాయడం లేదు. వాళ్లకు తెలుసు.

అసలు టెన్షన్ డబ్బులది. గుడ్డ ఉండి, మిషన్లు బాగుండి, శనివారం టైలర్లకు కూలి ఇవ్వలేక ఆగిన యూనిట్లు ఉన్నాయి. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం, 2006 ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా వ్యాపారి 45 రోజులు దాటకుండా మనకు చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పైగా ఆదాయపు పన్ను లెక్కల్లో 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ (అంటే 2023-24 ఆదాయం) నుంచి, గడువులోగా మనకు చెల్లించని మొత్తాన్ని వ్యాపారి ఆ ఏడాది ఖర్చుగా చూపలేడు, కట్టిన ఏడాదే చూపాలి. ఇవన్నీ పనికి రావాలంటే పని ఒప్పుకోకముందే చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు, అంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ఉండాలి. చాలామందికి అదే లేదు. అందుకే ఈ ఏడాది సంఘం గదిలోనే కూర్చుని చేయించాం. చట్టం ఉంది కదా అని ఒక్క యూనిట్ గట్టిగా అడిగితే పని పక్క యూనిట్‌కు పోతుంది, అది మనందరికీ అనుభవమే. కాబట్టి బకాయి ఉత్తరాలు ఇకపై సంఘం పేరుతోనే వెళ్తాయి.

వేరుశనగ కోతల రోజుల్లో పనివాళ్లు తగ్గడానికి ఇంకా దారి దొరకలేదు.

ఊళ్లోనే వాషింగ్ పెడదామన్న ప్రతిపాదన వాయిదా పడింది. బోర్లు ఎండిపోయే చోట రంగు నీళ్లు శుద్ధి చేసే ఏర్పాటు తేల్చకుండా ముందుకెళ్లడం కమిటీకి ఇష్టం లేదు. దీనిపై సర్వసభ్య సమావేశంలో ఓటు పెడతాం. ఆడిట్ అయిన లెక్కలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. సమావేశానికి వచ్చేటప్పుడు ఉద్యమ్ సర్టిఫికెట్ కాపీ, 45 రోజులు దాటిన బిల్లుల జాబితా తెచ్చుకోగలరు.

ఇట్లు,
కార్యదర్శి