హార్మోనీ పెట్టె మళ్లీ తెరిచినప్పుడు

తిరుపతి,
ఆదివారం

చి. పాపకు నాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫ్లీట్ ఫాక్సెస్ అనే అమెరికా బ్యాండు ‘క్రాక్-అప్’ ఆల్బమ్ వారం నుంచీ వింటున్నాను. అబద్ధమెందుకు, మొదటి రోజు సగంలో ఆపేశాను. మొదటి పాటలో ఆ అబ్బాయి గొంతు బావిలోంచి గొణిగినట్టు మొదలై, ఉన్నట్టుండి గిటార్లన్నీ మీద పడేసరికి మీ అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

రివ్యూలు కూడా తమ్ముడి చేత చదివించుకున్నాను. ఫ్లీట్ ఫాక్సెస్ వాళ్లు 2011లో రెండో ఆల్బమ్ ఇచ్చి, మళ్లీ 2017 జూన్‌లో గానీ మూడోదైన ఈ ‘క్రాక్-అప్’ ఇవ్వలేదంట. మధ్యలో పాటగాడు రాబిన్ పెక్‌నోల్డ్ న్యూయార్క్ పోయి కొలంబియా యూనివర్సిటీలో చేరాడంట. మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. కొందరు మాత్రం మరీ చిక్కగా ఉందని, ముక్కలు ముక్కలుగా ఉందని, మునుపటిలా వెంటనే నోటికి పట్టే పాట లేదని నొచ్చుకున్నారు.

ముక్కలుగా ఉండటం నాకేమీ తప్పనిపించలేదు. మొదటి పాటకు పేర్లే మూడున్నాయి కదా. మన ఊరి భారతంలో మాత్రం ఏముంది? ధర్మరాజు పద్యానికి రాగం తీసి ఆపుతాడు, వెంటనే వచనం, దాని తోక పట్టుకుని దరువు. మద్దెలాయన ఎవరికైనా చెప్పి మొదలుపెడతాడా? పగలు హరికథ, రాత్రి నాటకం, పద్దెనిమిది రోజులూ నా పక్కన కూర్చుని చూసినదానివి, నీకు చెప్పాలా.

‘థర్డ్ ఆఫ్ మే’ అని తొమ్మిది నిమిషాలకు కాస్త తక్కువ పాట ఉందే, దాన్ని రోజూ పెట్టించుకుంటున్నాను. మే 3 వాళ్ల అంతకుముందు ఆల్బమ్ వచ్చిన తేదీ. బ్యాండులోనే ఉన్న చిన్ననాటి స్నేహితుడి పుట్టినరోజు కూడా అదేనంట. స్నేహితుడి మీద అంత పాట కట్టడం బాగుంది. చివర్లో మాత్రం సాగదీశాడు.

మూడేళ్లు ఆగాక వచ్చే నెల మీ పాటలు బయటికొస్తాయని, ఎవరేం రాస్తారోనని టెన్షన్‌గా ఉందని అన్నావు. నీకు ఎప్పుడూ చెప్పలేదు, నువ్వు పుట్టకముందు నేను నాలుగేళ్లు హార్మోనీ పెట్టె ముట్టలేదు. డబ్బుల దగ్గర మాటామాటా పెరిగి భారతం జట్టు వదిలేశాను. మళ్లీ వాయించిన రాత్రి తెల్లవారాక టీ అంగడి దగ్గర ఒకాయన “చెయ్యి మొద్దుబారింది” అన్నాడు. ఇంకొకాయన “నిదానం వచ్చింది, ఇదే బాగుంది” అన్నాడు. ఇద్దరూ నా నాలుగేళ్ల గురించే మాట్లాడారు. ముందు వరసలో చాప వేసుకుని కూర్చున్న ఒక ముసలవ్వ మాత్రం, “శ్రుతి ఎత్తేసినావు నాయనా, ద్రౌపదికి గొంతు అందలా” అంది. ఆమెకు నేను మానేసిన సంగతే తెలీదు! మరుసటి రాత్రి శ్రుతి దించాను.

ఈ రివ్యూల్లోనూ అంతే. ఆరేళ్లు ఏమైపోయాడన్న కథే కొందరికి సగం పేజీ. పాట ఎక్కడ మలుపు తిరిగింది, ఆ మలుపు ఎందుకు కుదిరింది అని రాసినవాళ్లవి మాత్రం తమ్ముడి చేత రెండోసారి చదివించుకున్నాను. 2020లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు చూసి వాళ్లు ‘షోర్’ అనే తర్వాతి ఆల్బమ్ వదిలితే, ఈసారి తేలిగ్గా, వెలుతురుగా ఉందని మెచ్చుకున్నారంట. చిక్కదనం మీద గొణిగినవాళ్లు అప్పుడేమన్నారో!

నువ్వు పంపిన నాలుగు పాటలూ విన్నాను. మూడోది ఐదున్నర శ్రుతిలో పాడావు. పై స్థాయికి పోయినప్పుడు గొంతు సన్నబడి మాట వినబడటం లేదు. ఐదుకు దించి ఒకసారి పాడి పంపు. ఆ గిటారబ్బాయి ఒప్పుకోకపోతే నాకు ఫోన్ ఇవ్వు.

మీ నాయన