వచ్చినవాళ్లకైనా వినపడాలి కదా

సంపాదకులకు,

నాటకానికి జనం రావడం లేదన్న మాట ఏటా ఏప్రిల్ 16న, తెలుగు నాటకరంగ దినోత్సవం నాడు, వినపడుతూనే ఉంటుంది. టీవీ, సెల్‌ఫోన్, ఓటీటీ అంటూ కారణాలు వరసగా చెబుతారు. కాలం మారిన మాట నిజమే. తెల్లవార్లూ సాగిన పద్యనాటకాల చోట గంట నాటికలు వచ్చాయి. నటుల్లో చాలామంది పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం రిహార్సల్‌కి వస్తున్నారు. చూసేవాళ్లకీ మర్నాడు ఆఫీసులుంటాయి. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. కానీ ఇన్ని పనుల మధ్య వీలు చేసుకుని వచ్చి కూర్చున్నవాళ్లలో సగంమందికి మాట అందకపోతే సెల్‌ఫోన్‌ని తిట్టి లాభమేమిటి?

ఇప్పుడు నాటకాలు ఎక్కువగా సభలకీ పెళ్లిళ్లకీ కట్టిన హాళ్లలో ఆడుతున్నారు. కింద గ్రానైట్, పక్కన నున్నటి గోడలు, అద్దాల కిటికీలు. ఖాళీ హాల్లో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొడితే సంగతి తెలిసిపోతుంది. ఆ మోత సెకను అటూ ఇటూగా అణిగిపోవాలి. రెండు మూడు సెకన్లు గింగురుమంటే ఒక మాట తోక తర్వాతి మాట మీద పడుతుంది. పద్యానికి ఇది కాస్త కలిసొస్తుంది, రాగం తీసినప్పుడు గొంతు నిండుగా అనిపిస్తుంది. వచన నాటిక మాత్రం మునిగిపోతుంది. సౌండ్ పెంచితే మోత కూడా దాంతోపాటే పెరుగుతుంది. చేయాల్సింది వెనక గోడకీ పక్క గోడలకీ మందపాటి బట్ట వేలాడదీయడం. బిగదీసి కట్టకూడదు. గోడ ఇరవై అడుగులుంటే నలభై అడుగుల బట్ట తీసుకుని కుచ్చిళ్లుగా, గోడకి జానెడు ఎడంగా దించాలి.

మైకుల దగ్గర జరిగే పొరపాట్లు ఇంకా ఎక్కువ. వినపడటం లేదనగానే మరో రెండు మైకులు తెచ్చి పెడతారు. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపయినప్పుడల్లా, కూత (స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి వెళ్లి పుట్టే కీచుమోత) మొదలయ్యేలోపు మనం పెంచుకోగల సౌండ్ మూడు డెసిబెల్స్ తగ్గుతుంది. అందుకే ఆరు మైకులు పెట్టిన స్టేజీ మూడు మైకుల స్టేజీ కన్నా ముందు కూస్తుంది. స్పీకర్లు మైకులకన్నా ముందుకి, ప్రేక్షకుల వైపు ఉండాలి. స్టేజీ ముందంచున నేల మీద పెట్టే ఫుట్ మైకుల కింద రెండంగుళాల ఫోమ్ ముక్క వేయాలి, లేకపోతే చెక్క స్టేజీ మీద ప్రతి అడుగూ డప్పు కొట్టినట్టు వినపడుతుంది.

కాలర్ మైకుకి పట్టుచీర కొంగు రాసుకుంటే గరగర మొదలవుతుంది. జుట్టు మొదట్లో, నుదుటి మీద అతికిస్తే ఆ బాధ ఉండదు, చెమట పట్టకుండా మాత్రం చూసుకోవాలి. తండ్రీకొడుకులు కౌగిలించుకునే ఘట్టంలో ఒకరి గొంతు రెండు మైకుల్లోకీ వెళ్లి డొల్లగా మారుతుంది. ఆ క్షణంలో ఒక మైకు ఆపేయాలంటే ఆపరేటర్ స్క్రిప్టు చదివి ఉండాలి. మనవాళ్లు ఆయన్ని స్టేజీ పక్క మూల కూర్చోబెడతారు. ప్రేక్షకులకి ఏం వినపడుతోందో ఆయనకెలా తెలుస్తుంది? హాలు మధ్యకి, ఇంకొంచెం వెనక్కి కూర్చోబెట్టాలి. పద్యనాటకమైతే హార్మోనియం మైకు నటుడి గొంతుని దాటనివ్వకూడదు.

వేదిక సంగతికొస్తే, కుర్చీలో కూర్చున్న మనిషి కంటి ఎత్తు నేల నుంచి మూడడుగుల ఎనిమిది అంగుళాల దాకా ఉంటుంది. సభల కోసం స్టేజీని ఐదడుగులు లేపి కడితే, ముందు వరసలవాళ్లకి వెనకగా నిలబడ్డ నటుడి కాళ్లు కనపడవు, కింద కూర్చుంటే సరిగా కనపడడు, పడుకుంటే అసలే కనపడడు. మూడు, మూడున్నర అడుగులు చాలు. పైన చూస్తే ఫాల్స్ సీలింగ్, తెర కట్టడానికి ఒక్క పైపు ఉండదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాల మాయల్లో చాలావాటికి పైనుంచి దిగే తాళ్లే ఆధారం. అలాంటి ప్రదర్శన ఈ హాళ్లలో ఎక్కడ వేస్తారు?

ఈమధ్య రంగుల తెరల బదులు ఎల్‌ఈడీ గోడ పెడుతున్నారు. వెనక అంత వెలుగుంటే నటుడి ముఖం నల్లబడుతుంది. గోడ వెలుగుని బాగా తగ్గించి, నటుణ్ని ఆరడుగులు ముందుకి తెచ్చి, రెండు పక్కల నుంచీ ఏటవాలుగా ముఖం మీద లైటు పడేట్టు చూడాలి. నడినెత్తిన లైటు ఒక్కటే వేస్తే కళ్ల కింద గుంతలు తప్ప అభినయం కనపడదు.

మున్సిపాలిటీలు కొత్త హాలు కట్టేముందు ప్లాను స్థానిక నాటక సమాజాలకి ఒకసారి చూపించాలని మనవి. స్టేజీకి అడ్డంగా మూడు ఇనుప పైపులు, రెండు పక్కలా నటులు నిలబడేందుకు వింగ్స్, రెండు వైపులా తలుపులు. కట్టేటప్పుడు అడిగితే వీటికి అదనపు ఖర్చు పెద్దగా ఉండదు, కట్టాక పగలగొట్టాల్సిందే. నాటిక పోటీలు జరిపే పరిషత్తుల నిర్వాహకులకీ ఒక మాట: నాటికకీ నాటికకీ మధ్య సెట్టు మార్చే సమయంలో పది నిమిషాలు మైకులకి కేటాయించండి. ఆఖరి వరసలో ఒక మనిషిని కూర్చోబెట్టి, ఆయన చెయ్యెత్తాకే తెర తీయండి.

భవదీయుడు,
ఒక రంగస్థల అభిమాని