క్యారేజీలో మిగిలే అన్నం గురించి తల్లిదండ్రులకు లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

మధ్యాహ్న భోజనం తరువాత మన పాఠశాలలో తడి చెత్త బుట్టల్లో చేరుతున్న తిండి గురించి ఈ నెల రాస్తున్నాను. ఏడవ తరగతి విద్యార్థులు ఆ బుట్టలను కొన్ని రోజులు పరిశీలించారు. వాటిలో ఎక్కువగా కనిపించినవి పిల్లలు ముట్టనైనా ముట్టని అన్నం, ఇడ్లీలు, ఒక పక్క కొరికి వదిలేసిన పండ్లు.

విశాఖపట్నం తినేదాంట్లో ఎక్కువ భాగం బయటి నుంచి రావలసిందే. మన రైతుబజార్లకు ఆకుకూరలు, కూరగాయలు చుట్టుపక్కల మండలాల నుంచీ విజయనగరం జిల్లా నుంచీ వస్తే, ఉల్లిపాయల వంటివి ఎంతో దూరం నుంచి లారీల్లో రావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు చెట్లు కూలి దారులు మూసుకుపోయి, కరెంటు లేక ఫ్రిజ్‌లు ఆగిపోయి, పాల ప్యాకెట్ కోసం బారులు తీరి నిలబడిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన చిన్న తరగతుల పిల్లలు అప్పటికి పుట్టలేదు. సరుకు రావడం ఆగిన అలాంటి రోజుల్లో, ఉన్నదాన్ని ఎంతమందికి, ఎన్నాళ్లు సరిపెట్టగలమన్నదే ముఖ్యమవుతుంది. ఆ నేర్పు తుఫాను వచ్చిన పూట అలవడదు, మామూలు రోజుల్లోనే అలవడాలి.

తిండి వృథా కావడంలో ఇళ్ల పాత్రే పెద్దది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. తొక్కలు, ఎముకల వంటివి కూడా కలిపిన ఈ లెక్కలో 60 శాతం ఇళ్లలో వృథా అయినదే. పారవేసిన తిండి చెత్తగుట్టల కింద గాలి తగలక కుళ్లి, వాతావరణాన్ని వేడెక్కించే మీథేన్ వాయువును వదులుతుంది. సముద్రాన్ని ఆనుకుని ఉన్న మన ఊరికి వాతావరణం వేడెక్కడం దూరపు విషయం కాదు.

పాఠశాల వైపు నుంచి ఒక మార్పు చేస్తున్నాము. చిన్నపిల్లలు ఆటకు పరుగెత్తే తొందరలో భోజనం వదిలేస్తున్నారని ఉపాధ్యాయులు గమనించినందున, వచ్చే సోమవారం నుంచి ఒకటి నుంచి మూడు తరగతులకు ముందు ఆట, తరువాత భోజనం ఉంటుంది. మిగిలినదాన్ని బుట్టలో వేయకుండా క్యారేజీలోనే ఇంటికి పంపిస్తాము. పిల్లలను మందలించడానికి కాదు, ఎంత మిగులుతోందో మీకు తెలియడానికే అలా పంపుతున్నాము. దయచేసి ఆ విషయమై వారిని కోప్పడవద్దు. మరునాడు ఒక గరిటె తగ్గించి పెట్టి, ఆకలి వేస్తే ఇంకా అడగమని చెప్పండి. అలా తిరిగి వచ్చిన అన్నాన్ని మాత్రం మరొకరికి పెట్టకండి. వండిన పదార్థాన్ని 2 గంటలకు మించి బయట ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మన ఉక్కపోతలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

బీరపొట్టు పచ్చడి, ఆనపకాయ తొక్కు పచ్చడి, తోటకూర కాడల పులుసు మన వంటిళ్లకు కొత్త కావు. వాటిని పిల్లల చేత చేయిస్తే కాయలో ఏ భాగం పారవేయనక్కరలేదో వారికే తెలుస్తుంది. మీ ఇంటి పద్ధతిని పిల్లల చేత ఒక పేజీలో రాయించి, ఈ నెలాఖరులోగా తరగతి ఉపాధ్యాయులకు పంపండి. వాటిని భోజనశాల గోడపై ప్రదర్శిస్తాము.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు