పురుగుమందు కొట్టే మనిషి ఒంటి మీదికి ఏమిస్తారు? వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వ్యవసాయ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, మాది పల్నాడు జిల్లా. మాకు సొంత పొలం లేదు. మా ఆయన తైవాన్ పంపు, అంటే పెట్రోలు ఇంజనుతో నడిచే స్ప్రేయరు, వీపున వేసుకుని ఊళ్ళో రైతుల మిరప చేలకి ట్యాంకు లెక్కన పురుగుమందు కొడతారు. నేను డ్రమ్ములో నీళ్ళు పోసి, మందు కలిపి, ట్యాంకు నింపి అందిస్తాను. సాయంత్రం ఆయన చొక్కా, లుంగీ ఉతికేది కూడా నేనే. మందు ఒంటికి తగలకుండా కాపాడే కిసాన్ కవచ్ అనే బట్టల సంగతి మీకు తెలిసిందే. దాని కోసం మా ఊరి మందు కూలీలం కలిసి మూడు అర్జీలు పెట్టుకున్నాం. ఒకదానికి రసీదు ఇచ్చారు. రెండోదానికి "పై నుంచి ఏమీ రాలేదమ్మా" అన్నారు. మూడోది ఏమైందో తెలియదు. అర్జీలు ఏ ఆఫీసులో ఇచ్చామో ఇక్కడ రాయను, అక్కడ కూర్చున్న చిన్న ఉద్యోగిని ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేదు. అడగాల్సింది మిమ్మల్నే అనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

మా ఆయన చేలోకి దిగేటప్పుడు ఒంటి మీద ఏముంటుందో చెబుతాను. పాత ఫుల్ చొక్కా, మోకాళ్ళ పైకి కట్టిన లుంగీ, ముక్కుకి నోటికి కలిపి చుట్టిన తువ్వాలు. కాళ్ళకి ఏమీ ఉండదు. మిరప నడుము దాకా పెరిగాక సాళ్ళ మధ్య నడుస్తుంటే తడిసిన ఆకు తొడలకి రాసుకుంటూనే ఉంటుంది. నాలుగో ట్యాంకుకల్లా లుంగీ తడిసి ఒంటికి అంటుకుపోతుంది. గాలి తిరిగితే కొట్టిన మందు మొహం మీదికే వస్తుంది. తువ్వాలు కాపాడుతుందని చాలాకాలం నమ్మాం. అది తడిసిందంటే మందుని పీల్చుకుని నోటి దగ్గరే పెట్టుకుంటుందని మాకెవరూ చెప్పలేదు. పాత పంపు మూత దగ్గర కారుతుంది, ఆ కారినది వీపు మీదుగా నడుము దాకా దిగుతుంది. సాయంత్రం చొక్కా విప్పితే వీపంతా ఎర్రగా కమిలి ఉంటుంది.

2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పటి నుంచి మందు కొట్టడం బాగా పెరిగింది. వారానికోసారి కొట్టే చేలో మూడు నాలుగు రోజులకే మళ్ళీ పిలుస్తున్నారు. రైతుని తప్పు పట్టను, అప్పు చేసి పెట్టిన చేను కళ్ళ ముందే ముడుచుకుపోతుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? కానీ ఆ పెరిగిన ట్యాంకులన్నీ మోసేది మా ఆయన లాంటి వాళ్ళ వీపులే కదండీ.

పోయిన కార్తీక మాసంలో ఒక రోజు పద్నాలుగో ట్యాంకు అవుతుండగా ఆయన గట్టు మీద కూలబడిపోయారు. కళ్ళు మసకగా ఉన్నాయన్నారు. నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, తర్వాత వాంతులు. మందు పట్టిందని మజ్జిగ తాగించారు, నిమ్మకాయ రసం పోశారు. తగ్గకపోయేసరికి ఆటోలో టౌన్‌కి తీసుకెళ్ళాం. డాక్టరు గారు కళ్ళలోకి లైటు వేసి చూసి, పాపలు సూదిమొనంత అయ్యాయని చెప్పి విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించారు. డాక్టరు గారు ముందుగా అడిగింది ఏమిటో తెలుసా అండీ? "ఈ బట్టలు ఇంకా ఎందుకు విప్పలేదు? ఒళ్ళు ఎందుకు కడగలేదు?" అని. దారి పొడవునా నేను మా ఆయన తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, మందుతో తడిసిన ఆ లుంగీ ఒంటి మీద అలాగే ఉంది. గంటన్నర పాటు ఆ విషం ఒంట్లోకి దిగుతూనే ఉందన్నమాట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాం. మందు పడితే బట్టలు విప్పి సబ్బుతో ఒళ్ళు కడగాలని ఒక్కరంటే ఒక్కరు వచ్చి చెప్పలేదు.

ఐదో రోజు ఇంటికి తెచ్చాం. పన్నెండో రోజున మళ్ళీ పంపు ఎత్తుకున్నారు. అవే బట్టలు, అదే తువ్వాలు.

మా అమ్మాయి వ్యవసాయ పాలిటెక్నిక్ చదువుతోంది. 1971 నాటి పురుగుమందుల నిబంధనలు అదే చదివి వినిపించింది. మందు చల్లే మనిషికి మందు లోపలికి దిగని పైదుస్తులు, ముంజేయి సగం దాకా వచ్చే గ్లౌజులు, కళ్ళద్దాలు, బూట్లు ఉండాలని అందులో రాసి ఉంది. అవి ఉతకడానికి వీలుగా ఉండాలని కూడా ఉంది. యాభై ఏళ్ళు దాటిందండీ. మా ఊళ్ళో ముంజేతి దాకా గ్లౌజు తొడుక్కున్న మనిషిని నేను ఒక్కడిని కూడా చూడలేదు. కొన్ని డబ్బాలతో పల్చటి కవర్ లాంటి గ్లౌజులు వస్తాయి, పంపు బెల్టు బిగించే లోపే చిరిగిపోతాయి. డబ్బా లోపలి కాగితం మీద తెలుగులో జాగ్రత్తలు ఉన్నా, భూతద్దం లేకుండా కనపడని అక్షరాలు అవి. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే అన్నిటికన్నా ఘోరమైన విషమని, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ అని మా అమ్మాయి చెప్పాకే నాకు తెలిసింది. అప్పటిదాకా ఆ డబ్బాలన్నీ వట్టి చేతులతోనే వంచాను.

కొనుక్కోవచ్చు కదా అంటారేమో. 2024 డిసెంబరు 17న కేంద్ర మంత్రి గారు ఢిల్లీలో కిసాన్ కవచ్ విడుదల చేసినప్పుడు ధర 4,000 రూపాయలని చెప్పారు. బెంగళూరు శాస్త్రవేత్తలు చేసిన ఆ బట్ట, తగిలిన మందుని అక్కడికక్కడే విరిచేస్తుందని, ఉతుక్కుని ఏడాది దాకా వాడుకోవచ్చని వార్తల్లో విని ఎంత సంతోషపడ్డామో. వాళ్ళకి చేతులెత్తి దండం పెడతాను. కానీ మా ఆయనకి ట్యాంకుకి 50 రూపాయలు. 4,000 అంటే 80 ట్యాంకులు. ట్యాంకుకి 20 లీటర్ల చొప్పున 1,600 లీటర్ల మందు వీపున మోస్తేగానీ ఒక జత బట్టలు రావు. పెట్రోలు ఖర్చు కూడా మాదే. చేను రైతుది కాబట్టి సబ్సిడీ అంటే పాసు పుస్తకం అడుగుతారు, మా దగ్గర అది లేదు. విషం తగిలే మనిషి పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా సంఘాలకి మందు కొట్టే డ్రోన్లు ఇవ్వాలని, ధరలో 80 శాతం, 8 లక్షల దాకా సాయం చేయాలని పెట్టారు. మంచిదే, మందుకి దూరంగా నిలబడే రోజు వస్తే మాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. అది ప్రతి చేలోకీ వచ్చేదాకా పంపు మోసేవాళ్ళ సంగతేమిటి? అంత డబ్బులో కొంచెం తీసి మా ఒళ్ళు కప్పండి.

ఇంకొక్క మాట. ఇచ్చేది మా ఎండకి తట్టుకునేలా ఉండాలి. ఒకసారి మా ఆయన పాత రెయిన్ కోటు వేసుకుని దిగారు. వీపు మీద ఇంజను వేడి, లోపల ఉక్క. అరగంటకే కళ్ళు తిరిగి విప్పి పారేశారు. నల్లరేగడిలో తడి ఉంటే బరువైన బూట్లు దిగబడిపోతాయి. కళ్ళద్దాలకి ఆవిరి పడితే సాలు కనపడదు. "ఇచ్చినా వాళ్ళు వేసుకోరు" అని ఆఫీసుల్లో అంటుంటారు. వేసుకోగలిగేది ఇచ్చి చూడండి అయ్యా. నాలుగు ఊళ్ళలో మందు కొట్టేవాళ్ళకి ఒక సీజను తొడిగించి, ఎక్కడ ఉక్కపోస్తుందో, ఎక్కడ చిరుగుతుందో వాళ్ళనే అడగండి. పూర్తి సూటు ఇప్పుడే కుదరదంటే రబ్బరు లాంటి నైట్రైల్ గ్లౌజులు, వీపునీ తొడలనీ కప్పే ఏప్రాన్, మందు ఆవిరిని ఆపే మాస్కు ముందు ఇవ్వండి. గ్లౌజులు నాకు కూడా ఇవ్వండి, డబ్బా మూత తీసేది నేను.

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. అప్పుడు పేపర్లన్నీ రాశాయి. మా దగ్గర కూడా అలా జరిగాకే కదులుతారా? పాసు పుస్తకం అడగకుండా మందు కూలీల పేర్లు రాసుకోండి. రాసుకుని ఇవ్వండి. ఏది ఇవ్వగలరో, ఎంతకి ఇవ్వగలరో, ఎప్పటికి ఇవ్వగలరో కనీసం ఒక ముక్క చెప్పండి.

మా ఊళ్ళో ఈ నెలాఖరుకి మిరప నారు నాటతారు. నాటిన పది పదిహేను రోజులకి మొదటి మందు. ఆ రోజు పొద్దున్న మా ఆయనకి పాత లుంగీ కాకుండా ఇంకేదైనా అందించాలని ఉంది నాకు. ఆ లోపల మీ నుంచి జవాబు వస్తుందని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
మందు కొట్టే కూలీ భార్య,
పల్నాడు జిల్లా