పేరడిగి పండ్లు కొనే వీధి నుంచి మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

తిరుపతి నుంచి ఒక తోపుడుబండి పండ్ల వ్యాపారి నమస్కరించి రాయడమేమనగా,

ఇది ఆరో కాగితం సార్. మొదటి ఐదూ అర్జీలు. సోమవారం పూట వరుసలో నిలబడి, ఇచ్చి, రసీదు తెచ్చుకున్నవి. ఐదు రసీదులూ బండి గల్లాపెట్టెలో ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. వాటిలో మూడింటికి "మీ అర్జీ పరిష్కరించబడింది" అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో మాత్రం ఎవరూ చెప్పలేదు. తమకు తెలిస్తే సెలవియ్యండి, వీధంతా మిఠాయి పంచుతాను. మిగతా రెండూ ఇంకా "పరిశీలనలో" ఉన్నాయి. నాకు ఆ రెండింటి మీదే కాస్త నమ్మకం, అవి ఇంకా అబద్ధమాడలేదు గనుక.

వీధి వ్యాపారుల కార్డు, మాలాంటివాళ్లకు కేంద్రం ఇప్పించే స్వనిధి లోను సంగతులు తమకు తెలియనివి కావు. నా కార్డు సక్రమంగానే ఉంది. మొదటి 10 వేలు కట్టేసి, రెండోసారి 20 వేలు తీసుకున్నాను. కార్డుతో నాకే ఇబ్బందీ లేదు సార్. ఇబ్బందంతా దాని మీదున్న ముస్లిం పేరుతోనే.

2025 ఏప్రిల్ 22న కాశ్మీర్‌ పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మన పక్క నెల్లూరు జిల్లా కావలి మనిషి కూడా అందులో ఉన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో అన్నం ఎవరికీ సహించలేదు. ఈ ముక్క కూడా రాసి నిరూపించుకోవాల్సి వస్తోందంటే చూడండి. అది జరిగిన పది రోజులకేమో, ముగ్గురు పిలకాయలు నా బండి దగ్గరికొచ్చారు. గోవిందరాజస్వామి గుడి వైపు పోయే దారి, మా నాయన కాలం నుంచి మేం నిలబడే చోటు. ఫోనులో వీడియో ఆన్ చేసుకునే వచ్చారు.

"పేరేంది?" అన్నాడు పెద్దోడు. చెప్పాను. "ఆధార్ చూపీ." చూపించాను. "భారత్ మాతాకీ జై అను." అన్నాను. "గట్టిగా." గట్టిగా అన్నాను. "ఇంకోసారి, ఈ తట్టు చూసి." నాకు 54 ఏళ్లు సార్. వాడికి నా చిన్నకొడుకు వయసుంటుంది. తక్కెట్లో అరకిలో సపోటాలున్నాయి. కొంటున్న తమిళావిడ సంచీ మడుచుకుని, పండ్లు తక్కెట్లోనే వదిలి మెల్లగా వెళ్లిపోయింది. మూడోసారి జై అనేటప్పటికి నా గొంతు పూడుకుపోయింది. సాయంత్రానికి ఆ వీడియో గ్రూపులన్నీ తిరిగింది. కింద ఏం రాశారో తెలుసా? "చూడండి, వీడికి ఇష్టం లేదు, ఎట్లా అంటున్నాడో" అని. అనకపోతే ద్రోహి. అంటే గొంతు బాగాలేదు. ఇంకెట్లా అనాలో ప్రభుత్వం తరఫున శిక్షణేమైనా ఇప్పిస్తే వచ్చి నేర్చుకుంటాను.

పక్కన పూలమ్మే అక్క ఊరుకోలేదు. "ఏంరా, పోయిన శనివారం మీయమ్మ కొబ్బరికాయ కొనిండేది ఈయప్ప దగ్గరే గదరా! ఆ కాయ సామి వద్దన్నాడా?" అని తగులుకుంది. వాళ్లు నవ్వి వెళ్లిపోయారు. మర్నాటి నుంచి నా బండి దగ్గరే కాదు, ఆమె గంప దగ్గర కూడా ఆగొద్దని మెసేజులు. ఆమె మతమేదైతే వాళ్లకేం, నోరు ముఖ్యం.

రోజుకు ఆరు అరటిగెలలు పోయేవి. ఇప్పుడు రెండు పోతే గొప్ప. పెరటాసి శనివారాలు మాకు పంటకాలం, తమిళనాడు నుంచి జనం విరగబడి వస్తారు. ఆ నెల కూడా గడ్డుగానే గడిచింది. మిగిలి మాగిపోయిన పండ్లు రాత్రికి వీధి ఆవులకు వేసి ఇంటికి పోతాను. ఇప్పటిదాకా పేరడగకుండా తింటున్నది అవే.

పేరు దాచుకుని బతకమని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. ఎట్లా దాచేది సార్? ఫోన్‌పే కొడితే కొన్నవాళ్ల ఫోనులో నా పేరు పడుతుంది. స్కాన్ చేసి, పేరు చూసి, "చిల్లర ఉంది, ఉండండి" అని జేబులు వెతుక్కుంటూ పక్కబండికి పోయినవాళ్లను నేను లెక్క పెట్టడం మానేశాను. ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో హోటళ్ల ముందు యజమానుల పేర్లు రాయమన్నారు, 2024 జులైలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని ఆపింది. మాకు ఏ ఆదేశమూ అక్కర్లేకపోయింది.

అక్కడ పహల్గాంలో పేరడిగి, మతమడిగి కాల్చారు. అది రాక్షసత్వం అని ఈ పిలకాయలే కొవ్వొత్తులు పట్టుకుని తిరిగారు. తిరిగొచ్చి నా పేరడిగారు. చచ్చిపోయిన 26 మందిలో గుర్రం నడుపుకుని బతికే కాశ్మీరీ ముస్లిం ఒకడున్నాడు, ఆ సంగతి వాళ్లకు చెబుదామనుకున్నాను. మళ్లీ ఎందుకులే అనిపించింది. ఎప్పుడూ ఇదే పని మాకు. 1965 యుద్ధంలో ప్రాణమిచ్చిన అబ్దుల్ హమీద్‌ను, అబ్దుల్ కలాంను బ్యాంకులోనుకు జామీనుదారుల్లా తీసుకొచ్చి నిలబెట్టాలి. నాలుగు డజన్ల అరటిపండ్లు అమ్ముకోవడానికి ఎంతమంది జామీను కావాలి సార్?

స్టేషనులో వీడియో చూపించాను. అక్కడి పోలీసాయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. "నిన్ను కొట్టలేదు, తిట్టలేదు. దేశానికి జై అనమంటే కేసెట్లా కట్టేది?" అన్నాడు. నిజమే. తిట్టి ఉంటే నాకే సులువుగా ఉండేది. నేను ఆగస్టు 15కు ఇష్టంగా అనే మాటనే తెచ్చి నా మొహాన కొట్టారు, దానికి సెక్షను ఏదో ఆయనకు తెలియలేదు.

మా చిన్నోడు లా చదువుతున్నాడు. వాడికి తెలుసు, అదే వాడి జబ్బు. 2014 వీధి వ్యాపారుల చట్టం 27వ సెక్షనులో కార్డున్నవాణ్ని పోలీసే కాదు, ఏ వ్యక్తీ అడ్డుకోకూడదని ఉందంటాడు. గుంపుల దాడులు ఆపడానికి ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారి ఉండాలని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పిందంటాడు. శ్రీశైలం గుడి కొట్ల కేసులో, మన రాష్ట్రం కేసే, మతాన్ని చూపి వేలంలోంచి ఎవరినీ తీసెయ్యొద్దని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టే చెప్పిందంటాడు. ఇవన్నీ రాసి నాలుగో అర్జీకి జత చేశాడు. అది "పరిష్కరించబడిన" వాటిలోనే ఉంది.

ఒక మాట. కొండమీద మాకు చోటు కావాలని మేమెన్నడూ అడగలేదు. కొండ నియమాలు కొండకుంటాయి, వాటితో మాకు పేచీ లేదు. అలిపిరికి దిగువన ఊరుంది కదా సార్, ఊరికి కూడా అదే నియమమని ఎవరు రాశారు? మా పిలకాయలంతా ముత్యాలని కూడా అనను. క్రికెట్ మ్యాచ్ నాడు తిక్క స్టేటస్ పెట్టినవాణ్ని నేనే చెవి పట్టుకుని తీయించాను. వాడు చేసిన తప్పుకు వాణ్ని అడగండి. నా సపోటాలేం చేశాయి?

పండగలకు ముందు శాంతి కమిటీకి పిలుస్తారు. టీ, రెండు బిస్కెట్లు, ఫోటో. మైకులో బీబీ నాంచారమ్మ కథ, ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు బెల్లం, కొబ్బరికాయ తీసుకుపోయే సంగతి. వినడానికి హాయిగానే ఉంటుంది. కిందటిసారి నేను లేచి, "నా బండి దగ్గర జరిగింది..." అన్నానో లేదో, "అవన్నీ ఇక్కడొద్దు, మంచి వాతావరణం ఉంది" అన్నారు. కూర్చున్నాను. ఫోటోలో నవ్వుతూనే ఉన్నాను.

మా అత్తగారిది మదనపల్లె. 2022 దాకా మన చిత్తూరు జిల్లాలోనిదే. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి కాలేజీలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి రాశాడు. దేశమంతా లేచి నిలబడే పాటకు మన జిల్లాతో అంత చుట్టరికం. మనం పాడేది మొదటి చరణమే. రెండో చరణంలో హిందువు, బౌద్ధుడు, సిక్కు, జైనుడు, పారశీకుడు, ముసల్మాను, క్రైస్తవుడు అని వరుసగా పేర్లుంటాయట, మా వాడు ఫోనులో చూపించాడు. నా 54 ఏళ్లలో ఏ బడిలోనూ అది వినలేదు. పేరడిగే పిలకాయలకు ఆ చరణం చదివించమని బతిమాలుకుంటున్నాను. కనీసం మీ సభలో ఒకసారి పాడించండి. అది కూడా కుదరదంటే పోనీండి.

నాకు కావలసింది పెద్దదేమీ కాదు. బండి దగ్గరికొచ్చి పేరడిగేవాణ్ని అడిగే మనిషి ఒకరుండాలి. మన జిల్లాకు ఆ నోడల్ అధికారి ఎవరో, ఫోను నంబరేదో వీధి వ్యాపారులకు తెలిసేట్టు బోర్డు మీద రాయించండి. ఆ వీడియో తీయించండి, ఇప్పటికీ తిరుగుతోంది. స్వనిధి వాయిదా ప్రతి నెలా కట్టాలి, గెలలు రెండే పోతున్నాయి, దానికేం చేస్తారో అదీ చెప్పండి. పూలమ్మే అక్కకు కూడా. ఏమీ చేయలేకపోతే, ఆ "పరిష్కరించబడింది" మెసేజ్ మాత్రం పంపించకండి. మా ఆవిడ దాన్ని చదివి వెక్కిరిస్తోంది.

ఈ కాగితం కింద పేరు రాయలేదు. రాస్తే మీ పేషీలో మొదట దాన్నే చదువుతారని భయం. అవసరమైతే ఐదు అర్జీల మీద ఉంది, రసీదు నంబర్లు అడిగితే పంపుతాను.

ఇట్లు,
కార్డున్న తోపుడుబండి వ్యాపారి,
తిరుపతి.