జె.ఆర్.డి. నడిపింది సగం దారే

సంపాదకులు గారికి,

తపాలా వారోత్సవాల్లో తొలి టాటా ఎయిర్ మెయిల్ (1932 అక్టోబరు 15) గురించి రాసినప్పుడల్లా, కరాచీ నుంచి మద్రాసు దాకా విమానం జె.ఆర్.డి. టాటాయే నడిపారన్న పొరపాటు దొర్లుతోంది. ఆయన అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూ వరకే నడిపారు. అక్కడి నుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు తపాలా సంచులు చేర్చింది ఆయన సహచరుడు, మాజీ బ్రిటిష్ వాయుసేన పైలట్ నెవిల్ వింట్సెంట్. తర్వాత ఆ మజిలీ బళ్లారి నుంచి హైదరాబాద్‌కు మారింది. మనకు సంబంధించిన అంచెనే మనం మరిచిపోతున్నాం!

ఆ విమానం రకం పేరు పస్ మాత్. 120 హార్స్‌పవర్ ఇంజిను ఒక్కటే, వేగం గంటకు సుమారు 160 కిలోమీటర్లు. పైలట్‌కు దారి చూపడానికి రేడియో లేదు. మ్యాపు, దిక్సూచి, కింద రైలు పట్టాలు, అంతే. గంటకు 30 కిలోమీటర్ల పక్కగాలిని లెక్కలోకి తీసుకోకపోతే, గంట తిరిగేసరికి విమానం దాదాపు 30 కిలోమీటర్లు పక్కకు పోతుంది. మబ్బు కమ్మితే పట్టాలూ కనపడవు.

అహ్మదాబాద్‌లో పెట్రోలు నాలుగు గ్యాలన్ల డబ్బాల్లో ఎడ్లబండి మీద వచ్చింది. డబ్బా పెట్రోలులో నీళ్లో తుక్కో ఉంటే కార్బురేటర్ అడ్డుపడి ఇంజిను ఆగుతుంది. అందుకే ఆ కాలంలో మెత్తటి తోలు గుండా వడపోసి పోసేవారు. వానాకాలంలో జుహూ మైదానం మునిగేది, మకాం పుణెకు మార్చేవారు.

వీటన్నిటికంటే పెద్ద ముప్పు రెక్కల్లో ఉంది. 1930 నుంచి మొదలుపెట్టి రెండుమూడేళ్లలో వివిధ దేశాల్లో పలు పస్ మాత్‌లు గాల్లోనే రెక్క విరిగి కూలాయి. బ్రిటన్‌లో పరీక్షిస్తే, గాలి కుదుపులకు రెక్కను కింది నుంచి మోసే ముందు ఊతకడ్డీ విఫలమవుతోందని తేలింది. చిన్న కడ్డీ ఒకటి అదనంగా బిగించి సరిచేశారు. దక్కన్ పీఠభూమి మీద మధ్యాహ్నం నేల కాగి గాలి పైకి తన్నుతుంది, కుదుపులు మొదలవుతాయి. పైగా వేడిగాలి పలచన కాబట్టి పైకి లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. ఇలాంటి చోట పొద్దున్నే ఎగరడం మంచిదని వేరే చెప్పాలా?

తపాలా శాఖవారు హైదరాబాద్, విజయవాడ ప్రదర్శనల్లో పాత ఎయిర్ మెయిల్ కవర్ల పక్కన బళ్లారి గుర్తించిన దారి పటం, ఆ ఊతకడ్డీ కనపడేలా రెక్క బొమ్మ పెట్టాలి. వింట్సెంట్ పేరు కూడా రాయాలి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్