పేరు చెప్పొద్దన్న యజమానికి కృతజ్ఞతలు

అక్రమ రవాణా నుంచి బయటపడ్డ మహిళలకు మీ కుట్టు యూనిట్‌లో పని ఇచ్చినందుకు మా అందరి నమస్కారాలు. పని ఇవ్వడం ఒక ఎత్తు, ఇచ్చిన తీరు ఒక ఎత్తు. మొదట్లో జీతం నెలాఖరుదాకా ఆపకుండా వారం వారం ఇచ్చారు. మొదటి జీతం అందేలోపు చేసే అప్పే చాలామందిని మళ్లీ దళారుల చేతిలో పడేస్తుంది మరి. డబ్బు ఎవరి ఖాతాలో వాళ్లకే వేశారు. గుర్తింపు కార్డుల జిరాక్స్ తీసుకుని, అసలువి అక్కడికక్కడే తిరిగిచ్చేశారు; కాగితాలు లాక్కుని కట్టిపడేసిన రోజులు వాళ్లు చూశారు. కోర్టు వాయిదాకు వెళ్తే జీతం కోయలేదు. వాళ్ల గతం సూపర్‌వైజర్ చెవిన కూడా వేయలేదు. వెనక నుంచి భుజం తట్టొద్దు, ఎదురుగా వచ్చి పేరుతో పిలవండి అని యూనిట్ మొత్తానికీ చెప్పారు. అందరికీ ఒకటే నియమం కాబట్టి ఎవరినీ వేలెత్తి చూపినట్టు కాలేదు. మీరు చల్లగా ఉండాలి.